పంటకాపు తుపాకియు, మందు కూరెడు పనిముట్లును: వానిని శుభ్రపఱచి కాపాడు విధము
(దేవరుప్పుల ప్రాంతపు కాస్తకారుల కొఱకు ఉపన్యాస పాఠము)



భాద్రపద మాసమున దేవరుప్పుల చెలకలలో మక్కకంకి పాలు పోసికొనునప్పటికి మంచె మీద నిద్రలేని రాత్రులు మొదలగును. గుట్టపొదలనుండి అడవిపందుల మంద దిగినచో ఒక్క రాత్రిలో పడిపోవు పంట యెంతయో ఇచటి రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు. లైసెన్సు గల రైతు తన భర్మారు తుపాకిలో గుండు వేయక మందును పీచును మాత్రము కూరి ఒకమారు పేల్చును. ఆ చప్పుడునకు మంద చెదరిపోవును. తెల్లవారిన పిదప రైతు తుపాకిని ఇంటికి దెచ్చి మూలకు ఆనించి, కలుపు కూలీలను పిలుచుకొని రాబోవును. తుపాకి చెడుట పొలములో గాదు, ఆ మూలనే మొదలగును. సాయంకాలమునకు గొట్టము లోపల ఎఱ్ఱని పొడ పుట్టును. మాసము గడచిన పిదప అది గుంటలు తీయును. రెండు మూడేండ్లలో ఆ గొట్టము మందుదెబ్బకు ఎచ్చట పగులునో చెప్పరానిదగును. పగిలినప్పుడు గొట్టమును పట్టుకొనియుండునది రైతు ఎడమచేయి.

భర్మారనగా మూతినుండి మందు కూరెడు తుపాకి. తోటా తుపాకియందు మందు, గుండు, టోపీ అన్నియు ఒక డబ్బీలో అమరి కంపెనీనుండి వచ్చును. భర్మారుకు రైతే ప్రతిసారి మందు కొలిచి పోసి, పీచు పెట్టి, గజముతో దిగగొట్టి, టోపీ తొడుగవలెను. గజమనగా ఇచట కొలత గజము గాదు, కూరెడు కడ్డీ. కావున తుపాకితోపాటు మందుకొమ్ము, కొలత గొట్టము, గజము, పీచు, టోపీల డబ్బీ, టోపీ ముక్కును పొడుచు సూది, ఇవన్నియు ఒక్క యంత్రపు భాగములే యని తలపవలెను. గొట్టమును తుడిచి కొమ్మును మఱచిన రైతు బండిచక్రమునకు కందెన వేసి ఇరుసును మఱచినవానివంటివాడు.

తుపాకిని కడుగవలసిన కారణము మందులోనే యున్నది. నల్లమందునందు సూరేకారము, బొగ్గు, గంధకము ఉండును. అది కాలినప్పుడు అంతయు పొగయై పోవునని పెక్కుమంది తలంపు. అట్లు గాదు. 1870 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండునందు నోబుల్, ఏబెల్ అను శాస్త్రజ్ఞులు బలమైన ఇనుపపాత్రలలో మందును కాల్చి తూచిచూచిరి. నూఱుపాళ్ల మందులో సుమారు 43 పాళ్లు మాత్రమే వాయువుగా మాఱినవి. మిగిలిన 57 పాళ్లు ఘనపదార్థముగా నిలిచినవి. ఆ ఘనపదార్థములో కొంత పొగతో ఎగిరిపోవును, కొంత గొట్టపు గోడలకు పట్టుకొనును. చేతికి జిగటగా నల్లగా తగులు మసి అదియే. అందులో బొగ్గు కొంచెమే, ఎక్కువ భాగము క్షారలవణములు. వర్షాకాలమున ఉప్పుకుండ అడుగు చెమ్మగిల్లుట ఇల్లాండ్రందఱు ఎఱిగినదే. తుపాకిలోని మసియు అట్లే గాలిలోని తేమను పీల్చి తడియగును. తడిసిన లవణము ఇనుమును తినును. భాద్రపదపు ముసురులో ఒక్క రాత్రి చాలును.

దీనినుండి ముఖ్యమైన మాట యొకటి తేలుచున్నది. లవణము నీటిలో కరగును, నూనెలో కరగదు. కిరసనాయిలులోను కరగదు. మసి మీద నూనె పూసి తుపాకిని దాచు రైతు తుప్పును లోపల పెట్టి పైన మూత వేయుచున్నాడు. యంత్రములకు వాడు మట్టినూనె జాతి నూనెలు మందుమసితో కలిసినచో తారువలె గట్టిపడి మఱింత కష్టపెట్టును. కావున మొదట నీరు, పిదప ఆరబెట్టుట, తుదకు నూనె. ఈ వరుస తప్పరాదు.

ఇక కడుగుటకు ముందు చేయవలసిన పని యొకటి గలదు. దానిని మఱచిన చోటనే మనుష్యులు చచ్చుచున్నారు. తుపాకి కూరియున్నదా, ఖాళీగా నున్నదా అని నిశ్చయముగా తెలిసికొనవలెను. తోటా తుపాకిని విఱిచి చూచిన కన్నులకు కనబడును. భర్మారు అడుగు మూసియుండును, మూతినుండి చూచిన చీకటియే. అట్లు తొంగిచూచుట చేయనే కూడదు. రాత్రి కొడుకు కూరి పేల్చక ఉంచినది తండ్రి యెఱుగడు. తండ్రి కూరినదాని మీద కొడుకు మఱల కూరును. గజమే దీనికి సాక్షి. తుపాకి శుభ్రముగా ఖాళీగా నున్న దినమున గజమును అడుగు తగులువఱకు దించి, గొట్టపు మూతికి సరిగా వచ్చిన చోట కత్తితో చుట్టును ఒక గాటు పెట్టవలెను. అది ఖాళీ గుఱుతు. తరువాత ఎప్పుడు దించినను ఆ గాటు మూతికి సమముగా వచ్చినచో లోపల ఏమియు లేదు. నాలుగు వ్రేళ్ల పైకి నిలిచినచో మందున్నది. ఎనిమిది వ్రేళ్లు నిలిచినచో రెండుమార్లు కూరబడినది. అప్పుడా తుపాకిని పేల్చు మాట తలపెట్టరాదు. గజము దించునప్పుడు మూతి ముఖమునకు ఎదురుగా నుండరాదు. గజమును అరచేతితో గాక వ్రేళ్లతో పట్టుకొని కొంచెము కొంచెముగా దించవలెను. ఈ గుఱుతు పెట్టుటకు ఖర్చు లేదు. అయినను లేని గజములే ఎక్కువ.

కూరియున్నదని తేలినచో టోపీని మొదట తీసివేసి, మూతినుండి నీరు పోసి మందును బాగుగా నాననిచ్చి, లైసెన్సు గల తుపాకుల మరమ్మతుదారు నొద్దకు చేర్చవలెను. ఇంటిలో చీలలతో కెలుకుట, పొయ్యి దగ్గఱ గొట్టమును కాచుట, కమ్మరి కొలిమికి పంపుట కూడనివి. కొలిమిలో కాగిన గొట్టము కూరి యున్నచో పేలును, ఖాళీయైనచో బిగువు తప్పును. అదియు గాక లైసెన్సు లేనివాడు తుపాకిని మరమ్మతు చేయుట 1959 సంవత్సరపు ఆయుధ చట్టము క్రింద నేరము.

తుపాకి ఖాళీయని తెలిసిన పిదప కడుగుట మొదలుపెట్టవలెను. పేల్చిన దినముననే, పొద్దు గ్రుంకకమునుపే యీ పని ముగియవలెను. కావలసినవి కాగిన నీరు ఒక బిందె, పాతనూలు గుడ్డపీలికలు, వెడల్పు తొట్టి, చిన్న బుఱ్ఱ. నీరు ఉప్పన లేనిదై యుండవలెను. జనగామ ప్రాంతపు బోరునీళ్లు కొన్ని పొయ్యిగిన్నెకు తెల్లని పెంకు కట్టించునట్టివి. అట్టి నీరు మొదటి కడుగుడుకు పనికివచ్చును, కడపటి కడుగుడుకు వాననీరు మేలు.

మొదట టోపీ ముక్కును దాని తాళముతో విప్పి, నీటి చెంబులో వేయవలెను. టోపీ ముక్కనగా గుఱ్ఱము దెబ్బ పడు చోట టోపీ తొడుగు చిన్న ఉక్కుమొక్క. దాని నడుమ సూదిబెజ్జము వంటి దారి గలదు. టోపీ మంట ఆ దారినే పోయి మందును అంటించును. గొట్టము కొయ్యనుండి ఊడునదైనచో ఊడదీయవలెను, లేనిచో కొయ్యకు నీరు దిగకుండ గుడ్డ చుట్టవలెను. గొట్టమును మందముగా మడిచిన గుడ్డతో పట్టుకొని, అడుగు తొట్టిలో నుంచి, మూతిలో బుఱ్ఱతో వేడినీరు పోయవలెను. నీరు టోపీ ముక్కు రంధ్రమునుండి నల్లగా చిమ్మును. మురిగిన గ్రుడ్డు వాసన వచ్చును. ఆ వాసనకు వెఱవనక్కఱలేదు, మసిలోని గంధకము వెడలుచున్నదని అర్థము. గజము కొనకు తడిగుడ్డ చుట్టి గొట్టములో పైకి క్రిందికి ఆడించినచో పంపువలె నీరు పీల్చి వదలును. గుడ్డ మరీ బిగువుగా చుట్టినచో లోపల ఇఱుకుకొనును. అది తీయుట మందు తీయుటకంటె కష్టము. రంధ్రమునుండి వచ్చు నీరు త్రాగునీటివలె తేటపడువఱకు పోయుచునే యుండవలెను. మూడు బుఱ్ఱలతో తృప్తిపడరాదు. ఆ మురికినీటిని పశువులు త్రాగు తొట్టి దగ్గఱ పారబోయరాదు.

కడపటి నీరు సలసల కాగినదై యుండవలెను. దానివలన గొట్టము వేడెక్కి లోపలి తడి తనంతట తానే ఆవిరియై పోవును. చల్లని నీటితో కడిగినచో మసి పోవును గాని తడి నిలిచి తుప్పు మఱల పుట్టును. వేడి చల్లాఱకమునుపే పొడి గుడ్డలు ఒకదాని వెంట నొకటి దించి తీయవలెను. తెల్లగుడ్డ తెల్లగా తిరిగివచ్చువఱకు ఈ పని సాగవలెను. ఇసుకతోను ఇటుకపొడితోను గొట్టమును తోముట కొందఱకు అలవాటు. దానివలన లోపల గీతలు పడి, ప్రతి గీతలోను మసి దాగును. చింతపండు ఇత్తడికి మంచిది, ఇనుమునకు పగ.

గుఱ్ఱము, మీట, లోపలి కమాను అను భాగములను నీటిలో ముంచరాదు. తడిగుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డ పట్టించిన చాలును. గుఱ్ఱము పల్లములో టోపీల రాగితునుకలు ఇఱుకుకొని యుండును. వానిని పుల్లతో తీయవలెను. పేల్చునప్పుడు కంటికి తగులునవి అవియే.

నూనె విషయమున ఈ ప్రాంతపు రైతు భాగ్యవంతుడు. ఆముదపు పంటకు నిజాము రాష్ట్రము ప్రసిద్ధమైయుండెను. నేటికిని ఈ చెలకలలో ఆముదము ఎఱుగనివారు లేరు. ఆముదము గాలి సోకినను కుసుమనూనెవలెను అవిసెనూనెవలెను పొరగట్టి ఎండునది గాదు. 1914 మొదలు 1918 వఱకు జరిగిన యుద్ధములో గిరగిర తిరుగు విమానయంత్రములకు కందెనగా వాడినది ఆముదమే. నల్లమందు మసితోను అది తారుకట్టదు. గుడ్డకు నాలుగు చుక్కలు పట్టించి, గుడ్డతో గొట్టము లోపలను వెలుపలను సన్నని పూత పట్టించిన చాలును. ధారగా పోయరాదు. పోసిన నూనె అడుగునకు దిగి టోపీ దారిని మూయును, కొయ్యను మెత్తపఱచును. ఆఱు మాసములు దాచునప్పుడు ఆముదమును నెల కొకమారు తుడిచి క్రొత్తగా పూయవలెను, ఏలయన అదియు ఎక్కువ కాలమునకు జిగురగును. పూర్తిగా కడిగి ఆఱిన తుపాకికి కుట్టుమిషను నూనె పూసినను తప్పు లేదు. కడుగని దానికి పూయుటయే తప్పు.

టోపీ ముక్కును చెంబులోనుండి తీసి, సన్నని ఇత్తడితీగతో దారిని పొడిచి, వెలుతురునకు ఎత్తి చూడవలెను. గుండ్రని చుక్కగా వెలుతురు కనబడవలెను. ఇనుప మేకుతో పొడిచినచో దారి పెద్దదగును. పెద్దదైన దారినుండి మంట వెనుకకు తన్ని గుఱ్ఱమును లేపును, ముఖమును కాల్చును. అట్టి ముక్కును మార్పించుటకు వెనుదీయరాదు. మరలకు కొంచెము ఆముదము రాచి బిగించినచో మఱుసటిసారి సులభముగా విప్పవచ్చును.

ఇప్పుడు కూరెడు పనిముట్లు. మందుకొమ్ము అను పేరు పూర్వము పశువుకొమ్ముతో చేయుటవలన వచ్చినది. కొన్ని యిండ్లలో ఇత్తడివి, రాగివి గలవు. ఏదైనను దాని మూత బిగువుగా పడవలెను. మూత వద్ద మందుధూళి పేరుకొని తేమకు గట్టిపడి మూతను సగము తెఱచియుంచును. వారమున కొకమారు మందును వేఱొక పొడి పాత్రలోనికి వంచి, ఆరుబయట, పొయ్యికిని బీడీకిని దూరముగా, కొమ్మును మూతను మెత్తని పొడిగుడ్డతో తుడువవలెను. ఇనుముతో గోకరాదు. నీటితో కడిగినచో రెండు దినములు ఎండలో ఆఱిన పిదపనే మందు పోయవలెను. లోపల నూనె పూయరాదు, నూనె త్రాగిన మందు పాడగును.

కొమ్మునుండి నేరుగా గొట్టములో మందు పోయుట అన్నింటికంటె చెడ్డ అలవాటు. మునుపు పేల్చినప్పటి పీచుతునుక యొకటి గొట్టపు అడుగున నిప్పుకణికగా మిగిలియుండవచ్చును. పోసిన మందు భగ్గుమనిన యెడల ఆ మంట ధారవెంబడి పైకి ప్రాకి కొమ్మంతయు చేతిలోనే పేలును. కావున కొమ్మునుండి కొలత గొట్టములోనికి, కొమ్ము మూత మూసి ప్రక్కకు పెట్టి, పిదప కొలతనుండి తుపాకిలోనికి పోయవలెను. కొలత గొట్టము ఇత్తడిది గాని కొమ్ముది గాని కావలెను. ఇనుము ఇనుమునకు తగిలినచో నిప్పురవ్వ లేచును. కొలత అడుగున మందు గట్టిపడి పెంకు కట్టినచో పోసిన ప్రతిసారి కొలత తగ్గును. అప్పుడు రైతు చప్పుడు తగ్గినదని తలచి గుప్పెడు అదనముగా పోయును. ఆ రాత్రి పెంకు ఊడినచో రెండు కొలతలు ఒక్కసారి గొట్టములో పడును. ఇత్తడి కొలతను చింతపండుతో తోమి, కడిగి, ఎండబెట్టి, అడుగున వ్రేలు పెట్టి చూచిన ఈ అపాయము రాదు. కొలత ఎంతయన్నది తుపాకి అమ్మినవాడు గాని లైసెన్సుగల మరమ్మతుదారు గాని నిర్ణయించి గీత పెట్టవలసినది. పొరుగువాని కొలత పొరుగువాని గొట్టమునకే.

గజము చేవగల కఱ్ఱదైనచో పొడవున నెఱ్ఱెలు వచ్చినవేమో ప్రతిసారి చేతిలో త్రిప్పి చూడవలెను. నెఱ్ఱెవిచ్చిన గజము కూరునప్పుడు ఏటవాలుగా విఱిగి అరచేతిలో దిగబడును. ఇసుక అంటిన గజము గొట్టమునకు ఆకురాయి వంటిది. మంచె క్రింద మట్టిలో గుచ్చియుంచు అలవాటు మానవలెను. దానిని తడిగుడ్డతో తుడిచి ఆఱనిచ్చి ఆముదము రాచినచో ఏండ్లు మన్నును.

పీచు పొడిగా, మెత్తగా నుండవలెను. కొబ్బరిపీచు, గుడ్డ రెండును మండుచునే మూతినుండి వెడలును. గడ్డివాము వైపు పేల్చి వామును పోగొట్టుకొనుట వినని కథ గాదు. టోపీలు చిన్న డబ్బీలో, మందుతో కలియనీయక, పిల్లలకు అందని చోట నుండవలెను.

మందు తడిసినచో దానిని పొయ్యి ప్రక్కను, పెనము మీదను, ఇనుపరేకు మీద నడియెండలోను ఆరబెట్టుట ప్రాణాంతకము. తడిసి ఆఱిన మందు గడ్డకట్టి, ఒకచోట చుఱుకుగా నొకచోట మందముగా కాలును. అట్టి మందును బొత్తిగా నీటిలో కలిపి నిరర్థకము చేయుటయే తగినది. ఎంత మందు పోయినను చేతికంటె ఖరీదైనది గాదు. పండుగ టపాకాయలు విప్పి అందలి మందు పోయుట, తోటాలలోని పొగలేని మందు పోయుట ఇంకను ఘోరము. పొగలేని మందు కాలు వేగమునకు భర్మారు గొట్టము నిలువజాలదు. ఇంటిలో మందు నూరుట నేరము కూడ. లైసెన్సుదారు లైసెన్సుగల దుకాణమున, తన లైసెన్సులో వ్రాసిన మేరకే మందు కొనవలెను.

గుఱ్ఱము పడి టోపీ పేలియు తుపాకి పేలకపోవుట తఱచు జరుగును. వెంటనే మూతి త్రిప్పి చూడరాదు. మూతిని పొలము వైపే యుంచి, మనస్సులో నెమ్మదిగా నూఱు లెక్కపెట్టవలెను. సన్నదారిలో నిప్పు ప్రాకుచు ఆలస్యముగా మందును అంటించుట గలదు. కడుగని టోపీ ముక్కుగల తుపాకులే ఇట్లు చేయును.

శాసన విషయము కొంత చెప్పవలసియున్నది, ఏలయన ఈ సీమలో భర్మారు వట్టి పంటకాపు పనిముట్టుగా మాత్రమే బ్రతుకలేదు. జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో నున్న ఆ కాలమున, ఈ దేవరుప్పుల మండలపు కడవెండిలోనే, 1946 జూలై 4వ తేదీన విసునూరు దేశముఖు మనుష్యులు కాల్చిన కాల్పులలో దొడ్డి కొమరయ్య మరణించెను. ఆ పిదప సాగిన తెలంగాణ రైతుల సాయుధ పోరాటమున గ్రామదళములు వడిసెలలతోను గుతపలతోను మొదలుపెట్టి భర్మారులను చేతబట్టినవి. ఆ తుపాకులను కూడ ఎవరో యొకరు వానలో తుడిచియుందురు, పొడిగుడ్డ దొరకని రాత్రులు పెక్కు గడచియుండును. నేడు ఆ కాలము గాదు. చట్టము తుపాకిని ఎవని పేర ఇచ్చినదో వానికే అప్పగించినది.

1959 సంవత్సరపు ఆయుధ చట్టము 13వ విభాగమున, నిజమైన పంటరక్షణకు భర్మారు తుపాకి లైసెన్సు ఇచ్చు మాట స్పష్టముగా నున్నది. ఆ లైసెన్సు రైతుది. లైసెన్సులో పేరులేని జీతగానికి తుపాకి నిచ్చి మంచె మీద ఒంటరిగా నుంచుట నేరము. గొట్టము మూతి చెడినదని కోసి పొట్టిచేయుట మఱియొక నేరము. మఱియు తుపాకి లైసెన్సు జంతువును చంపుటకు అనుమతి గాదు. 1972 సంవత్సరపు వన్యప్రాణి రక్షణ చట్టము క్రింద అడవిపంది రక్షింపబడిన జంతువు. అది నిలువుపైరును పాడుచేయుచున్నప్పుడు 11వ విభాగము క్రింద అధికారి వ్రాతపూర్వకముగా అనుమతించిననే దానిని వేటాడవచ్చును. నెమలి మీద తుపాకి ఎత్తనే కూడదు. కావుననే పెక్కు పొలములలో చప్పుడే తుపాకికి తగిన పని. చప్పుడునకు కూడ మందులు ఒకటి రెండు మాసములలో అలవాటుపడును. పల్లి చేని చుట్టు కుసుమ సాళ్లు, మక్క చుట్టు ఆముదపు సాళ్లు వేసినవారికి తుపాకి కడుగు శ్రమ కొంత తగ్గును.

ఎన్నికలు వచ్చినప్పుడు లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగింపుమని ఆజ్ఞ వచ్చుట కలదు. ఆజ్ఞ వినినంతనే రైతు తుపాకిని మూలనుండి తీసి భుజముపై వేసికొని పోవును. అది మాసములకొలది వేఱు తుపాకుల నడుమ నిలువబడి, తిరిగివచ్చునప్పటికి గొట్టము ఎఱ్ఱమన్ను పూసినట్లుండును. ఠాణావారు పాడుచేసిరని మాట వచ్చును. నిజమునకు కడుగకుండ ఇచ్చిన తుపాకి ఎచ్చట నున్నను అట్లే యగును. అప్పగించుటకు ముందు పైన చెప్పిన రీతిగా కడిగి, రెండు దినములు ఆగి మఱల తుడిచి, కొంచెము ఎక్కువగా నూనె పూసి, ఖాళీయని గజముతో చూపి అప్పగించి, నంబరు వ్రాసిన రసీదు తీసికొనవలెను.

ఈ రెండవ తుడుపు ఇంటిలో దాచునప్పుడును అవసరము. ఎంత కడిగినను మూలలందు కొంత లవణము నిలువవచ్చును. మూడవ దినమున తెల్లగుడ్డ దించినచో ఎఱ్ఱని మరక కనబడవచ్చును. కనబడినచో మఱల వేడినీటితో మొదలుపెట్టవలెను. దాచు చోటు పశువులకొట్టము కారాదు, అచటి గాలిలో తేమ, మూత్రపు ఘాటు రెండును ఇనుమునకు శత్రువులు. తోలుతొడుగులోను గొంగడిలోను చుట్టి దాచరాదు, అవి తేమను పట్టియుంచును. తాళము గల పొడి గదిలో మూతి క్రిందికి వంచి నిలిపినచో మిగిలిన నూనె టోపీ దారికి దిగదు. మందు ఒక చోట, టోపీలు ఒక చోట, తుపాకి ఒక చోట నుండవలెను. సీసపు గుండ్లు ముట్టినచేతితో అన్నము ముట్టరాదు.

మఱుసటి పంటకు తుపాకిని తీయునప్పుడు తొందరపడి మందు పోయరాదు. గజము గాటు చూచి ఖాళీయని తెలిసికొనవలెను. పొడిగుడ్డతో నూనెనంతయు తుడిచివేయవలెను. పిదప మందు లేకయే ఒక టోపీ తొడిగి, మూతిని నేలకు జానెడు ఎత్తున మెత్తని దుమ్ము వైపు వంచి, గుఱ్ఱమును వదలవలెను. దుమ్ము లేచినచో దారి తెఱచియున్నది. లేవనిచో టోపీ ముక్కును విప్పి ఇత్తడితీగను తీసికొనవలెను.